కడుపు మళ్ళీ కోయకుండా

మా ఓపీలో తరచు జరిగే సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను. నలభై దాటిన ఒకావిడ లోపలికి వస్తుంది. రొమ్ము ఎముక కింద చెయ్యి పెట్టి, "గ్యాస్ నొప్పి సార్, ఆరు నెలల నుంచి" అంటుంది. నాలుగు ముద్దలు తింటే మంట, తినకపోతే వికారం. ఊళ్ళో దొరికిన గ్యాస్ బిళ్ళలన్నీ మింగేసింది. "ఇంతకు ముందు ఏదైనా ఆపరేషన్ అయిందా అమ్మా?" అని అడిగితే, "ఐదేళ్ళ కిందట బైపాస్ అయింది సార్" అంటుంది. పక్కన కూర్చున్న కుర్ర డాక్టరు వెంటనే గుండె గురించి అడగడం మొదలుపెడతాడు. తీరా చూస్తే ఛాతీ మీద గాటు ఉండదు. పొట్ట మీద మాత్రం శనగగింజంత మచ్చలు అయిదారు ఉంటాయి. ఆవిడకు జరిగింది గుండె బైపాస్ కాదు, బరువు తగ్గడానికి చేసే కడుపు బైపాస్. "ఆ కాగితాలున్నాయా?" అంటే, "ఇల్లు మారినప్పుడు ఎక్కడ పెట్టామో" అని భర్త వైపు చూస్తుంది.

బరువు తగ్గించే ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో వచ్చే ఇబ్బందుల గురించి, వాటిని పొట్ట మళ్ళీ కోయకుండా నోటి దారిన ఎండోస్కోపు పంపి ఎలా సరిచేస్తామో ఈ రోజు చెబుతాను. ఇలాంటి ఇబ్బంది వచ్చినవాళ్ళలో చాలామంది సిగ్గుపడి నోరు విప్పరు. "అన్ని లక్షలు పోసి కోయించుకున్నావుగా, ఇప్పుడు అనుభవించు" అని సొంత ఇంట్లోవాళ్ళే అంటారు. లావుగా ఉన్నన్నాళ్ళూ పడ్డ మాటలు చాలవా? ఊబకాయం ఒక జబ్బు. మధుమేహం, రక్తపోటు, గురక, మోకాళ్ళ అరుగుదల దాని వెంటే వస్తాయి. ఆ జబ్బుకు వైద్యం చేయించుకున్న మనిషిని ఎవరూ నిందించకూడదు. మన ఆసియా వాళ్ళకు కొవ్వు ఎక్కువగా నడుము చుట్టూ చేరుతుంది కాబట్టి, ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ 27.5 దాటినప్పటి నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. అంటే ఇది చేయించుకునేవాళ్ళు మన చుట్టూ ఇంకా పెరుగుతారు.

ముందు, లోపల ఏం మారుతుందో కళ్ళు మూసుకుని ఊహించండి. జీర్ణాశయం ఒక తిత్తి. స్లీవ్ అనే ఆపరేషన్‌లో ఆ తిత్తిని నిలువునా కోసి, దాదాపు ముప్పాతిక భాగం తీసేస్తారు. మిగిలేది అరటికాయలా సన్నని గొట్టం. బైపాస్‌లో తీసెయ్యడం ఉండదు. తిత్తి పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, చిన్నపేగును పైకి తెచ్చి దానికి కుడతారు. మిగతా పెద్ద తిత్తి లోపలే ఉంటుంది, కానీ అన్నం ఇక దానిలోకి వెళ్ళదు. ఈ బైపాస్‌ను 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. అల్సర్ల కోసం జీర్ణాశయంలో కొంత తీసేసిన స్త్రీలు మళ్ళీ లావెక్కడం లేదని గమనించి, ఆ గమనింపునే వైద్యంగా మలిచాడు.

ఇక ఎండోస్కోపు. మనవాళ్ళు "కెమెరా పైపు" అంటారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బాసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు గాజు పోగులతో వంగే గొట్టం తయారుచేయించి, 1957లో దాన్ని మొదట తన గొంతులోకే దింపుకుని చూసుకున్నాడు. ఆ తర్వాతే రోగికి వేశాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది. ఇవాళ్టి గొట్టం మందం 9 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మన చిటికెన వేలికంటే సన్నం. అందులో ఉండే చిన్న సొరంగం గుండా కత్తెర, వల, బెలూను, క్లిప్పు లోపలికి పంపవచ్చు. పెద్ద గొట్టాలకు తగిలించే సూదీ దారం కూడా వచ్చాయి.

మొదట చెప్పిన ఆవిడ దగ్గరికి వద్దాం. గొట్టం వేసి చూస్తే, చిన్న సంచికీ పేగుకూ కుట్టిన అతుకు దగ్గర పుండు కనిపిస్తుంది. అడుగు తెల్లగా, అంచులు ఎర్రగా. అక్కడే ఎందుకు వచ్చింది? మామూలు శరీరంలో జీర్ణాశయం నుంచి దిగిన ఆమ్లాన్ని పైత్యరసం, క్లోమరసం కలిసి చల్లారుస్తాయి. బైపాస్‌లో కుట్టిన పేగుకు ఆ రక్షణ లేదు. పై సంచిలో ఊరే కొద్దిపాటి ఆమ్లమైనా నేరుగా దాని మీద పడుతుంది. ఆ పైన మనిషి పొగ తాగితే అతుకు దగ్గర రక్తప్రసరణ తగ్గుతుంది. బీడీ అయినా, చుట్ట అయినా, సిగరెట్ అయినా అంతే. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉన్నా పుండు పడవచ్చు. కానీ నా లెక్కలో మన దగ్గర వీటిని మించిన శత్రువు ఒకటుంది, అది నొప్పి బిళ్ళ.

బరువు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మోకాళ్ళు అరిగిపోయి ఉంటాయి. ఆపరేషన్ అయి ముప్పై కిలోలు తగ్గినా అరిగిన కీలు తిరిగి రాదు. పొద్దున్నే నొప్పిగా ఉంటే మందుల షాపుకు వెళ్ళి "ఒళ్ళు నొప్పుల బిళ్ళ ఇవ్వండి" అంటారు. చీటీ అడిగేవాళ్ళుండరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఏదో ఒకటి చేతికొస్తుంది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే అదే మందు సూదిలో ఎక్కిస్తాడు. సూది ద్వారా తీసుకుంటే కడుపుకు ఏమీ కాదనుకోకండి. రక్తంలో కలిసి అతుకు దగ్గరి పొరను బలహీనపరిచేది అదే మందు. బైపాస్ అయినవాళ్ళు ఈ జాతి బిళ్ళలు జీవితాంతం ముట్టకూడదు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. అది చాలకపోతే వైద్యుణ్ణి అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ళు మాత్రం సొంతంగా మానకూడదు, మీ డాక్టరుతో మాట్లాడాలి.

ఈ పుండుకు మొదటి వైద్యం మందే. ఆమ్లం తగ్గించే క్యాప్సూల్‌ను అలాగే మింగకుండా, విప్పి లోపలి గుళికలు నమలకుండా మింగమంటాం. చిన్న సంచి ఆ క్యాప్సూల్ కరిగేదాకా దాన్ని పట్టి ఉంచలేదు. బోస్టన్ వైద్యులు 2017లో ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. విప్పి వేసినవాళ్ళ పుండు మానడానికి మధ్యస్థంగా 91 రోజులు పడితే, అలాగే మింగినవాళ్ళకు 342 రోజులు పట్టింది. ఖర్చేమీ లేని ఇంత చిన్న మార్పు మనిషికి ఎనిమిది నెలల బాధ తప్పించింది. ఎండోస్కోపు పని ఇక్కడ పుండును చూసి నిర్ధారించడం, మానిందో లేదో మళ్ళీ చూడడం, నెత్తురు కారుతుంటే క్లిప్పు వేసి ఆపడం. ఒక్కోసారి పుండు మధ్యలో పాత ఆపరేషన్ దారం పొడుచుకుని కనిపిస్తుంది, ముల్లు విరిగి లోపలుండిపోయినట్టు. చిన్న కత్తెరతో ఆ దారం కోసి బయటికి లాగేస్తాం. ముల్లు తీసిన కాలు లాగే ఆ చోటు కూడా తేలిగ్గా మానుతుంది.

ఆ అతుకు కొందరిలో మూసుకుపోతూ వస్తుంది. ఇది ఎక్కువగా మొదటి మూడు నెలల్లో జరుగుతుంది. ముందు మాంసం, గట్టి అన్నం దిగవు. తర్వాత మెత్తని ఇడ్లీ కూడా దిగదు. చివరికి మంచినీళ్ళు కూడా వాంతి అవుతాయి. 9 మిల్లీమీటర్ల గొట్టం ఆ రంధ్రంలో దూరకపోతే అక్కడ సన్నబడిందని అర్థం. సైకిల్ ట్యూబులా మడత పడి ఉన్న బెలూన్ను ఆ రంధ్రంలో పెట్టి మెల్లగా నీళ్ళు నింపి 12, 15 మిల్లీమీటర్ల వరకు వెడల్పు చేస్తాం. చాలామందికి ఒకటి రెండుసార్లు చేస్తే చాలు. అరుదుగా పేగుకు చిల్లు పడే ప్రమాదముంది, అందుకే ఒకేసారి ఎక్కువ సాగదీయం.

ఈ వాంతుల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. దయచేసి శ్రద్ధగా వినండి. బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళకు రోజుల తరబడి వాంతులవుతుంటే, "బరువు ఇంకా తగ్గుతుందిలే" అని ఊరుకోకండి. మన శరీరంలో బి1 విటమిన్, అంటే థయమిన్, రెండు మూడు వారాలకు సరిపడానే నిల్వ ఉంటుంది. అది అయిపోవచ్చిన మనిషికి నీరసంగా ఉందని గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తికమకపడడం దానికి గుర్తులు. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్. ఈ ప్రసంగంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. ఊళ్ళో సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీలు వింటుంటే వాళ్ళకూ ఇదే నా విన్నపం.

స్లీవ్ చేయించుకున్నవాళ్ళ కష్టం వేరు. ఆ సన్నని గొట్టం నడుమ వంపు తిరిగే చోట బిగుసుకుపోవడమో, తడి తువ్వాలు పిండినట్టు మెలిపడడమో జరుగుతుంది. ఎండోస్కోపు లోపలికి పోతుంది గానీ, దాన్ని తిప్పి తిప్పి తోయవలసి వస్తుంది. దానికి పెద్ద బెలూన్, 30 మిల్లీమీటర్లది, కావాలి. నలుగురిలో ముగ్గురికి దీనితో సర్దుకుంటుంది. నాలుగో మనిషికి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే ఆపరేషన్ అవసరమవుతుంది. స్లీవ్ వాళ్ళలో చాలామందికి పుల్లని త్రేన్పులు, గొంతులో మంట ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆమ్లం తగిలితే ఆహారనాళం పొర మారిపోతుంది. అందుకే ఏ ఇబ్బందీ లేకపోయినా ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకొకసారి గొట్టం వేసి చూడమని అంతర్జాతీయ సర్జన్ల సంఘం సలహా.

ఆ వంపు దగ్గరి బిగువుకూ, ఇంకో పెద్ద ప్రమాదానికీ సంబంధముంది. స్లీవ్ కుట్టు ఆహారనాళం కిందే, ఎగువన, వదులయి లీక్ కావచ్చు. చాలావరకు మొదటి వారాల్లోనే బయటపడుతుంది గానీ, కొందరిలో నెలల తర్వాత జ్వరం, ఎడమ భుజం నొప్పి, తగ్గని దగ్గు రూపంలో తెలుస్తుంది. రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. దిగువన కాలువ పూడితే ఎగువన గట్టు తెగుతుంది. అప్పుడు గట్టు ఎన్నిసార్లు పూడ్చినా నిలవదు, ముందు దిగువ పూడిక తియ్యాలి. మేమూ అదే చేస్తాం. కింద బిగువును బెలూనుతో వదులు చేస్తాం. గోడ అవతల చేరిన చీము గుంటలోకి, రెండు చివరలూ మెలితిరిగిన సన్నని ప్లాస్టిక్ గొట్టాలు దూర్చి, రెండో చివర జీర్ణాశయంలో ఉండేలా వదులుతాం. చీము లోపలికే కారి, గుంట నెలల మీద కుంచించుకుపోతుంది. పూర్వం ఇలాంటివాళ్ళను మళ్ళీ కోసి, నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచేవాళ్ళు. ఇప్పుడు చాలామంది ఇంటికి వెళ్ళి మెత్తని ఆహారం తింటూ, పిలిచినప్పుడు వచ్చి గొట్టాలు మార్పించుకుంటున్నారు. ఓపిక కావాలి. ఒక్క రోజులో అయ్యే పని కాదని రోగికీ, ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పాలి.

ఇప్పుడు రాళ్ళ సంగతి. ఒంట్లో కొవ్వు త్వరగా కరిగేటప్పుడు పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరిగి పిత్తాశయంలో రాళ్ళు కడతాయి. 1995లో అమెరికాలో సుగర్మన్ బృందం చేసిన అధ్యయనంలో, బైపాస్ అయిన ఆరు నెలలకు ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 32 శాతం మందికి రాళ్ళు కనిపిస్తే, రోజుకు 600 మిల్లీగ్రాముల అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం వేసుకున్నవాళ్ళలో 2 శాతానికే కనిపించాయి. ఆ ఆరు నెలల మందును మధ్యలో ఆపినవాళ్ళను నేను చాలామందిని చూశాను. "బాగానే ఉన్నాను కదా" అంటారు.

రాయి జారి పైత్యరస నాళంలో ఇరుక్కుంటే కళ్ళు పచ్చబడతాయి, చలిజ్వరం వస్తుంది. మన ఊళ్ళలో కళ్ళు పచ్చబడగానే ముందు పసరు మందు కోసం పరుగెత్తుతారు, చేతికి వాత పెట్టించుకుంటారు. అడ్డుపడ్డ రాయిని పసరు కరిగించలేదు. ఈలోగా నాళంలో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మామూలు మనిషికైతే నోటి నుంచి గొట్టం దింపి, జీర్ణాశయం దాటగానే వచ్చే నాళం ముఖద్వారం కోసి, రాయిని బుట్టలో పట్టి లాగేస్తాం. బైపాస్ అయిన మనిషికి ఆ దారే లేదు. నాళం ముఖద్వారం పాత జీర్ణాశయం వైపు ఉండిపోయింది. నోటి నుంచి వెళ్ళిన గొట్టం పేగుల్లో చుట్టూ తిరిగి వెనుక వైపు నుంచి అక్కడికి చేరాలి. బెలూను తగిలించిన పొడవాటి గొట్టాలతో అలా వెళ్ళే ప్రయత్నం చేస్తారు గానీ, ముగ్గురిలో ఒకరి దగ్గర సుమారుగా అది విఫలమవుతుంది.

దీనికి న్యూయార్క్‌లో మిషెల్ కహాలే బృందం 2014లో ఒక ఉపాయం ప్రకటించింది. ఎండోస్కోపు కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది. పై చిన్న సంచిలో నిలబడి, గోడ అవతల ఉన్న పాత జీర్ణాశయాన్ని అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టి, రెండు గోడల మధ్య ఒక లోహపు స్టెంట్ దించుతారు. బుడబుక్కలవాని డమరుకం గుర్తుందా? నడుము సన్నం, రెండు చివరలా వెడల్పు. సరిగ్గా ఆ ఆకారమే. రెండు అంచులూ రెండు గోడలను పట్టుకుని దగ్గరికి లాగి ఉంచుతాయి, నడుము గుండా 15 నుంచి 20 మిల్లీమీటర్ల దారి ఏర్పడుతుంది. కొన్ని వారాల తర్వాత, దారి గట్టిపడ్డాక, ఆ దారిన మామూలు గొట్టమే పంపి రాయి తీస్తారు. పని అయ్యాక స్టెంట్ తీసేసి, రంధ్రం మూసుకుందో లేదో చూస్తారు. అది తెరుచుకునే ఉంటే అన్నం మళ్ళీ పాత దారిన పోయి బరువు పెరుగుతుంది. అన్ని వారాలు ఆగడానికి సమయం లేనివాళ్ళకు మాత్రం లాపరోస్కోపీ సర్జన్ పొట్టలోంచి దారి ఇస్తాడు, మేము ఆ దారిన గొట్టం పెడతాం. మన తెలుగువాళ్ళకు ఇందులో ఒక మంచి సంగతి ఉంది. ఎండోస్కోపీలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా తెలుసు. విశాఖలో పుట్టిన ఎండోస్కోపీ నిపుణుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇంత కష్టమైన పని కోసం మనవాళ్ళు ఏ దేశమో వెళ్ళవలసిన అవసరం లేదు.

తగ్గిన బరువు మళ్ళీ పెరిగినవాళ్ళు నా ఎదుట కూర్చుని ఏడుస్తారు. "నేనే నోరు కట్టుకోలేకపోయాను" అంటారు. తిండి సంగతి అడగకుండా ఉండను. కానీ గొట్టం వేసి చూస్తే చాలాసార్లు అతుకు రంధ్రం సాగి పెద్దదయి ఉంటుంది. అన్నం సంచిలో నిలవకుండా జారిపోతుంటే కడుపు నిండిన భావన ఎక్కడి నుంచి వస్తుంది? నోటి దారిన పంపిన సూదీ దారంతో ఆ రంధ్రం చుట్టూ కుట్టి, సంచి మూతి ముడి బిగించినట్టు 8, 10 మిల్లీమీటర్లకు తేవచ్చు. ఆర్గాన్ వాయువు సాయంతో అంచులను పైపైన కాల్చి, మానేటప్పుడు కుంచించుకునేలా కూడా చేస్తారు. కుట్టు వేయించుకున్నవాళ్ళ ఒంటి బరువు అయిదేళ్ళ తర్వాత సగటున 9 శాతం దాకా తగ్గి ఉన్నట్టు బోస్టన్ నుంచి లెక్కలొచ్చాయి. ఇది మొదటి ఆపరేషన్ అంత ఫలితం ఇవ్వదు. ఇస్తుందని చెప్పి డబ్బు అడిగేవాళ్ళను నమ్మకండి.

పండగనాడు రెండు బొబ్బట్లు తినగానే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనానికి పరుగెత్తేవాళ్ళున్నారు. గంట, రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్ళు తిరిగేవాళ్ళూ ఉన్నారు. సాగిన అతుకులోంచి తీపి ఒక్కసారిగా పేగులోకి దూకడమే కారణం. ముందు తీపి మాని, కొద్దికొద్దిగా తిని చూడాలి. అప్పటికీ తగ్గకపోతే పైన చెప్పిన కుట్టే వీళ్ళకూ పనికొస్తుంది.

నేను ఎండోస్కోపీ వైద్యుణ్ణి కాబట్టి అన్నీ గొట్టంతోనే అయిపోతాయని చెప్పను. బైపాస్ అయిన మనిషికి ఉన్నట్టుండి మెలిపెట్టే కడుపునొప్పి వస్తే, పేగు లోపలి సందులో దూరి బిగుసుకుని ఉండవచ్చు. అది గొట్టానికి కనబడదు. సీటీ స్కాన్ చేసి, కొన్ని గంటల్లో సర్జన్ చేతికి అప్పగించాలి. అలాంటి నొప్పిని "గ్యాస్" అని తెల్లవార్లూ ఓర్చుకోకండి. నల్లని విరేచనం, నెత్తురు వాంతి, చలిజ్వరంతో కామెర్లు, నీళ్ళు కూడా దిగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఉంటే ఇవాళ సాయంత్రమే ఒక పని చేయండి. బీరువాలో, పాత సంచుల్లో వెతికి ఆ డిశ్చార్జి కాగితం బయటికి తీయండి. స్లీవా, బైపాసా, ఇంకో రకమా, ఏ ఏడాది, ఎవరు చేశారు అన్నది దానిలో రాసి ఉంటుంది. ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో మరొకరికి కూడా పంపండి. దొరకకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని అడిగి నకలు తెచ్చుకోండి. ఇక ముందు పంటినొప్పికి వెళ్ళినా, ప్రసవానికి వెళ్ళినా, ఒంటి నొప్పులకు సూది వేయించుకోబోయినా, నోరు తెరిచి మొదట చెప్పవలసిన మాట ఆ ఆపరేషన్ పేరు.